ఉలికిపాటు ఒక్కసారి చాలదా?

తలుపు తెరుచుకొన్నది. పోయిందనుకొన్న పెద్దకోడలు గుమ్మంలో నిక్షేపంగా నిలబడి ఉన్నది. హాల్లో అత్తగారు ఉలిక్కిపడ్డారు. ఉరిమింది. ఆవిడ ముఖాన్నే ఎడమవైపు నుంచి మరొకమారు చూపించారు. మళ్ళీ ఉరిమింది. కుడివైపు నుంచి కూడా చూపించి, అదే ఉరుమును ముచ్చటగా మూడోసారి వినిపించారు. ఆ తరువాత చిన్నకోడలి వంతు, ఆడబిడ్డ వంతు, మెట్లమీద నిలబడ్డ మేనత్త వంతు. ఇంటిల్లిపాదీ తలా మూడుసార్లు ఉలిక్కిపడి ముగించేసరికి ఆ పూటకు కథ అయిపోయింది. కోడలు గడప దాటి లోపలికి రావడం రేపటి సంగతి.

మా కేసముద్రంలో పొద్దు గూకిన తరువాత ఏ వీధిలో నడిచినా ఈ ఉరుములే. మార్కెట్ యార్డులో ధాన్యం ఆరబోసుకొన్న రైతు ఎవరైనా ఈ ఊరికి కొత్తవాడైతే, వాన ముంచుకొస్తున్నదేమోనని ఆకాశం వంక చూచి, పట్టాల కోసం పరుగెత్తవలసిందే. మాకు మాత్రం అలవాటే. ఏ ఉరుము ఏ చానెల్‌దో, అది ఏ అత్తగారిదో గోడ అవతలినుంచే చెప్పగలం.

వీటిని వెక్కిరించడం సుళువు. చదువుకొన్నవారు నలుగురు చేరితే సీరియళ్ళను తిట్టి, ‘ఆ పాత సినిమాలే సినిమాలు’ అని నిట్టూర్చి, కాఫీ తాగి లేవడం రివాజు. నిట్టూర్పు సంగతి సరే, ఆ పాత సినిమాను మొదటినుంచి చివరిదాకా చూచి ఎన్నాళ్ళయిందని అడిగితే నలుగురిలో ముగ్గురు మాట మారుస్తారు. అందుచేత ఈ వారం ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. తీర్పు మీరే చెబుదురుగాని.

ముందు ఆ మూడు ఉలికిపాట్ల మర్మం తెలుసుకోవాలి. సీరియల్ తీసేవారు తెలివితక్కువవారేమీ కాదు. ఆ వేళకు ఇల్లాలు ఎక్కడుంటుంది? టీవీ ముందు కాదు, పొయ్యి ముందు. ఒక చెవి కుక్కరు కూత మీద, మరొకటి సీరియల్ మీద. మొదటి ఉరుము విని ఆమె గరిటె దించుతుంది. రెండోదానికి గుమ్మం దాకా వస్తుంది. మూడోసారికి గాని అత్తగారి ముఖం ఆమె కంట పడదు. ముసలివారికి చూపు ఆనదు గనుక వారికోసం ఒక ఉరుము, హోమ్‌వర్క్ చేసుకొనే పిల్లవాడు తల ఎత్తడానికి మరొకటి. ‘నువ్వు చేసిన మోసం నాకు తెలుసు’ అని ఒక పాత్ర అంటే, ‘నేను చేసిన మోసం నీకు తెలుసా?’ అని రెండో పాత్ర అడగడం కూడా అందుకే. మధ్యలో చారు తిరగమోత పెట్టి వచ్చినవారికి మోసం సంగతి అందకుండా పోకూడదు. అది కళ్ళ కోసం చేసిన వంట కాదండీ, చెవుల కోసం చేసినది.

మరి పాత చిత్రమో? చీకటి హాలు. టిక్కెట్టు కొని వచ్చిన మనిషి. చేతిలో రిమోటు లేదు, పొయ్యిమీద పాలు లేవు. అలా కదలకుండా కూర్చున్నవాడి ఎదుట నటుడు కూడా కదలకుండా నిలబడగలడు.

‘లవకుశ’లో కాంతారావుగారి లక్ష్మణుణ్ణి తలచుకోండి. ఆయన మన తెలంగాణవారే, కోదాడ దగ్గరి గుదిబండ గ్రామంలో పుట్టినవారు. జానపద చిత్రాల్లో కత్తి తిప్పి ‘కత్తి కాంతారావు’ అని పేరు తెచ్చుకొన్నారు. ఆ కత్తివీరుడు ఈ చిత్రంలో అన్న ఆజ్ఞ తలదాల్చి, నిండుచూలాలైన వదినను అడవిలో విడిచిరావాలి. ఆ ఘట్టంలో ఆయన పెద్దగా చేసేదేమీ లేదు. అలా చేయకపోవడమే ఆయన నటన. అంజలీదేవిగారి సీతమ్మ నిజం తెలుసుకొనేలోపల మనకు ఆయన ముఖంలోనే అంతా తెలిసిపోతుంది. అక్కడ ఉరుము వినిపించి ఉంటే ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి! తరువాతి కాలంలో కాంతారావుగారు సొంతంగా చిత్రాలు తీసి చెయ్యి కాల్చుకొన్నారు. 2009లో కన్నుమూశారు. సంపాదించినదంతా పోయినా, అడవిలోని ఆ కాసేపు మాత్రం మనకు మిగిలింది.

అంత మాత్రాన సీరియల్ నటులు చేతకానివారని నేను అనను. లెక్క చూడండి. ‘కార్తీకదీపం’ 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. పదిహేను వందల భాగాలు దాటింది. ప్రకటనలు తీసివేసి, ఒక్కొక్కటి ఇరవై నిమిషాలే అనుకొన్నా అయిదు వందల గంటలు! ‘మాయాబజార్’ సుమారు మూడు గంటల చిత్రం. అంటే నూట అరవై ‘మాయాబజార్’ల పొడవు అన్నమాట. నెలల తరబడి ఆలోచించి మూడు గంటలు తీయడం ఒక పని. రేపు సాయంత్రానికి ఇరవై నిమిషాలు అందించి తీరడం వేరొక పని. మొదటిది పెళ్ళివంట అయితే రెండోది హాస్టలు వంట. హాస్టలు వంటవాణ్ణి పిలిచి, ‘నీ పులిహోర పెళ్ళిలో తిన్నట్టు లేదేమయ్యా’ అంటే అతడు గరిటె మన చేతికే ఇస్తాడు.

‘కార్తీకదీపం’లో దీప పాత్ర వేసిన ప్రేమీ విశ్వనాథ్ కేరళ దేశపు పిల్ల. ఆ కథకు మాతృక అయిన మలయాళం సీరియల్ ‘కరుత్తముత్తు’లో కూడా నాయిక వేషం మొదట ఆమెదే. తెలుగు ఇళ్ళల్లో మాత్రం ఆమెను అసలు పేరుతో పిలిచేవారు లేరు. వంటలక్క అంటే వంటలక్కే. అనుమానించిన మొగుణ్ణి కాదని, వంట చేసుకొని బిడ్డను పెంచుకొన్న మనిషిగా ఆమె ఎందరికో అయినవారి కిందే లెక్క. ఆ పిల్ల కన్నీళ్ళలో కొన్ని నిజమైనవే అని నా అభిప్రాయం. నా పేచీ అల్లా ఒక్కటే. మేని ఛాయ తక్కువైతే మనిషి తక్కువ కాదని చెప్పడానికి పుట్టిన కథ అది. ఆ నాయికకు నలుపు మాత్రం రంగు పూసి తెచ్చారు. సహజంగానే చామనఛాయగా ఉన్న నటీమణి ఒక్కరు కూడా ఇన్ని రాష్ట్రాల్లో దొరకలేదా? నీతి చెప్పే నోటితోనే ఆ నీతికి గండి కొట్టడమంటే ఇదే.

మా వీధి చివర ఒక ముసలమ్మ ఉన్నది. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో. ఇంట్లో ఆమె, ఒక టీవీ. ఒకనాడు నేను ఊరుకోక, ‘‘ఎందుకవ్వా, రోజూ ఆ ఏడుపులు?’’ అన్నాను. ఆవిడ నావంక జాలిగా చూచి, ‘‘నేను సూడకుంటె గా పిల్లకు ఇంకెవరున్నరు బిడ్డా?’’ అన్నది.

ఈ మాట విన్న తరువాత సీరియళ్ళ మీద హాస్యాలాడడం కొంత తగ్గించాను. ఎవరికి ఎవరు తోడో మనకేం తెలుసు? 2024 మార్చిలో అదే జంటతో, అవే పేర్లతో, వేరే కథగా ‘కార్తీకదీపం’ రెండోది మొదలైనప్పుడు అవ్వకు పెద్ద చిక్కే వచ్చిపడింది. ‘‘ఇద్దరు పిల్లలను కన్నరు గదా, మల్ల ఒకరినొకరు ఎరుగనట్టు జేస్తరేంది?’’ అని నన్ను నిలదీసింది. ఇది వేరే కథ అవ్వా అంటే ఒప్పుకోదు. ‘‘కత ఏరైతే మనుషులు ఏరైతరా?’’ అన్నది. దీనికి జవాబు చెప్పగల విమర్శకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

సీరియళ్ళన్నీ ఒక గాటన కట్టడం కూడా న్యాయం కాదు. 2001లో మొదలై 2007 దాకా నడిచిన ‘అమృతం’ సంగతేమిటి? గుణ్ణం గంగరాజుగారి సృష్టి అది. ఏ వారం కథ ఆ వారానికే. అమృతరావు వేషం మొదట శివాజీరాజా, తరువాత నరేశ్, ఆ పైన హర్షవర్ధన్ వేశారు. నాయకుడి ముఖం రెండుసార్లు మారినా జనం కిక్కురుమనలేదు. కారణం పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావుగారు ఉండడమే. పందిరి రాట మార్చవచ్చుగాని నేల మార్చలేం కదా! 2018లో ఆయన పోయారన్న వార్త విని, ఆయనను ఎన్నడూ ఎరుగనివారు కూడా ఇంటిమనిషి పోయినట్టు బాధపడ్డారు. ఉరుములు లేకుండా, విషం పెట్టే ఆడబిడ్డ లేకుండా, ఒక హోటలూ ఇద్దరు స్నేహితులూ అద్దె కోసం వచ్చే అప్పాజీతోనే అన్నేళ్ళు నవ్వించవచ్చునని రుజువైంది. మరి తరువాత వచ్చినవారు ఆ దారి ఎందుకు పట్టలేదు? నవ్వించడానికి ప్రతి వారం ఒక కొత్త ఆలోచన కావాలి. ఏడిపించడానికి పాతదే చాలు.

అడిగారు గనుక చెబుతాను – అడగకపోయినా చెబుతాను లెండి – సీరియళ్ళలో నాకు నచ్చనిది ఏడుపు కాదు, దుర్మార్గం. ఆ దుర్మార్గానికి కారణమంటూ ఉండదు. పట్టుచీర కట్టి, కనుబొమ పైకెత్తి, పాలల్లో ఏదో కలుపుతుంది. ఎందుకు కలుపుతున్నదో ఆమెకే తెలియదు. ఇక్కడ ‘గుండమ్మ కథ’ను తలచుకోక తప్పదు. 1962 జూన్‌లో విజయావారు విడుదల చేసిన చిత్రం. సూర్యకాంతంగారి గుండమ్మ సవతికూతురు చేత చాకిరీ చేయిస్తుంది, నోరు చేసుకొంటుంది, పాలుపోసే గంటయ్య మాట విని తప్పుదారి పడుతుంది. అయినా ఆమె రాక్షసి కాదు. భర్త లేని బతుకు, కన్నకూతురి పెళ్ళి బెంగ, నలుగురిలో చులకనైపోతామేమోనన్న భయం – ఇవి ఆమె గయ్యాళితనం వెనక నిలబడి ఉన్నై. అందుకే చివర్లో ఛాయాదేవిగారి దుర్గమ్మ వచ్చి గుండమ్మనే గదిలో పెట్టి తాళం వేసినప్పుడు, ‘తిక్క కుదిరింది’ అని చప్పట్లు కొట్టబోయిన మన చేతులు మధ్యలోనే ఆగిపోతాయి. మన ఇళ్ళల్లోని గయ్యాళి అత్తలు కూడా గుండమ్మలే గాని సీరియల్ అత్తలు కారు. సీరియల్ చూచి అత్తను అర్థం చేసుకోబోయిన కోడలు మోసపోతుంది. గుండమ్మను చూచిన కోడలికి కాస్త దారి దొరుకుతుంది.

ఈ చిత్రంలోనే మరొక తమాషా ఉన్నది. సూర్యకాంతంగారూ, ఆమెకు అల్లుడైన అక్కినేనిగారూ ఇద్దరూ 1924లో పుట్టినవారే! రామారావు, నాగేశ్వరరావులకు తండ్రిగా కనిపించే రంగారావుగారు పుట్టినది 1918. రామారావుగారి పుట్టిన సంవత్సరం 1923. అంటే కొడుకు కంటే తండ్రి అయిదేళ్ళు పెద్ద. చూచేటప్పుడు ఎవరికైనా ఈ అనుమానం కలిగిందా? ఆయన కుర్చీలో కూర్చొని కండువా సర్దుకొంటే చాలు, ఆ ఇంటికి ఆయనే పెద్ద అని మనం ఒప్పేసుకొంటాం. నేటి సీరియళ్ళలో కూడా తల్లీ కొడుకూ ఈడూజోడుగానే ఉంటారు. అయితే అక్కడ చెవి దగ్గర తెల్లరంగు పూసి వయస్సు తెప్పిస్తారు. రంగారావుగారు కూర్చునే తీరుతో తెచ్చేవారు.

ఆయన విద్య ఎంత గొప్పదో తెలియాలంటే ఆయన లేని చోట చూడాలి. 1957 మార్చిలో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. తెరమీద ఉన్నది సావిత్రిగారు, కనబడేది మాత్రం రంగారావుగారు. ఆ భుజాల విరుపు, ఆ అడుగు, ఎవరూ చూడటం లేదనుకొన్నప్పుడు వెలిగే ఆ చూపు – అన్నీ ఆయనవే. ఎవరైనా వస్తున్నారని తెలియగానే మళ్ళీ సిగ్గులమొగ్గ. పెళ్ళిపాట మధ్యలో సుశీలగారి గొంతు తప్పుకొని ఘంటసాలగారి గొంతు పలికే చోట పిల్లలు ఈనాటికీ పడిపడి నవ్వుతారు. పెద్దలు ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తే, ఒక నటి మరొక నటుణ్ణి ఎంత గమనించి ఉంటే అలా చేయగలిగిందా అని ఆశ్చర్యపోతారు. 2018లో ‘మహానటి’లో కీర్తి సురేశ్ సావిత్రిగారి వేషం వేసి జాతీయ బహుమానం పొందింది. రంగారావును సావిత్రి పట్టుకొన్నది, సావిత్రిని కీర్తి పట్టుకొన్నది. నటన అనేది ఇలా చేతినుంచి చేతికి అందే దీపం.

దీపం అన్నాను గనుక ఆరిపోయిన దీపాల సంగతి కూడా చెప్పాలి. 1932లో వచ్చిన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఇప్పుడు ఎక్కడా చూడటానికి లేదు. పేరు మిగిలింది, బొమ్మ పోయింది. ఆ రోజుల్లో వాడిన నైట్రేటు ఫిల్ముకు అగ్గి అంటే ప్రాణం. పూణేలో 1964లో జాతీయ చలనచిత్ర భాండాగారం పెట్టి దేశంలోని పాత చిత్రాలను పోగుచేస్తూ వచ్చారు. 2003 జనవరిలో అక్కడి నైట్రేటు నిల్వలకు నిప్పంటుకొని ఎన్నో పాత ప్రతులు బూడిదైనాయి. మా పక్క జిల్లా జనగామలోని బమ్మెర గ్రామం పోతనగారిదంటారు. ఆయన కథతో వచ్చిన ‘భక్త పోతన’ కె.వి.రెడ్డిగారికి దర్శకుడిగా మొదటి చిత్రం. పోతనగా నాగయ్యగారు. ఆ చిత్రం మిగిలింది గనుక పోతన అనగానే నాగయ్యగారి ముఖం మన కళ్ళముందు కదులుతుంది. మిగలకపోయి ఉంటే?

అగ్ని ఒక్కటే శత్రువు కాదు. మన గోడమీది టీవీ కూడా తక్కువేమీ తినలేదు. ‘మాయాబజార్’ నాటి చిత్రాల చట్రం ఇంచుమించు చదరంగా ఉండేది. తెలుగులో సినిమాస్కోపు 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో వచ్చింది. నేటి టీవీ అడ్డంగా పొడుగు. తెర నిండలేదని ఎవరో ఒక మీట నొక్కుతారు. దానితో రంగారావుగారు రెండు గుమ్మాల వెడల్పు అవుతారు, సావిత్రిగారికి లేని ఒళ్ళు వస్తుంది. మరొక మీట నొక్కితే తల పైనా పాదాలు కిందా తెగిపోతాయి. దయచేసి టీవీలో బొమ్మ కొలతలు ఉండేచోట ‘4:3’ అన్నది ఎంచుకోండి. పక్కన నల్లటి పట్టీలు వస్తే రానివ్వండి. తలుపుకు ద్వారబంధం ఉన్నదని ఎవరూ బాధపడరు కదా!

అంతకన్నా పెద్ద నష్టం మరొకటి. ఇప్పటి పిల్లలకు పాత చిత్రం సెల్‌ఫోనులో ముక్కలుగానే తెలుసు. రంగారావుగారి నవ్వు అర నిమిషం, సూర్యకాంతంగారి కేక పావు నిమిషం. ఆ నవ్వుకు ముందు ఏమున్నదో, ఆ కేక తరువాత ఏమైందో తెలియదు. గుండమ్మ కేక మాత్రమే చూచినవాడికి ఆమె ఒక గయ్యాళి. గదిలో ఆమెను తాళం వేసిన దాకా చూచినవాడికి ఆమె మనిషి. కోపం, దాని వెనక భయం, ఆ వెనక పశ్చాత్తాపం – ఇవి వరుసగా చూస్తేనే తెలుస్తాయి. మనుషుల్ని అర్థం చేసుకోవడానికి కూడా అంతే ఓపిక కావాలి. పాత చిత్రం మన పిల్లలకు నేర్పగలిగినది పాతకాలపు నీతులు కాదు, ఆ ఓపికే.

ఈ పత్రికలో ధారావాహిక చదివేవారికి ఇది కొత్త మాట కాదు. ‘సశేషం’ అని చూచి మీరు ఉసూరుమంటారు, నిజమే. కాని వారం రోజులు ఆ పాత్రలు మీ మనస్సులో తిరుగుతూ ఉంటాయి. నాయిక అలా ఎందుకన్నదని మీరే ఆలోచిస్తారు. అలా ఆలోచించుకొనే ఎడం సీరియల్ ఇవ్వదు. రేపే వచ్చి, తానే చెప్పి, తానే ఉరిమి పోతుంది.

అందుచేత సీరియళ్ళు మానమని నేను చెప్పను. చెప్పినా ఎవరూ మానరు, మా వీధి అవ్వ అసలే మానదు. నెలకు ఒక్క ఆదివారం ఒక పాత చిత్రాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దండం దాకా ఇంటిల్లిపాదీ కూర్చొని చూడండి. సెల్‌ఫోన్లు పక్కగదిలో పడుకోబెట్టండి. వంట ముందే ముగించండి, లేకపోతే ఆ పూటకు అటుకులతో సరిపెట్టుకోండి. ఇంట్లో ముసలివారుంటే వారిని పిల్లల పక్కన కూర్చోబెట్టండి. పెద్ద నటుల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. గంటయ్య వేసినది రమణారెడ్డి అనీ, ఈవిడ ఛాయాదేవి అనీ, ఈమె ఇంకొక చిత్రంలో ఇలాగే వచ్చి అలా చేసిందనీ తెర చూపిస్తూ చెప్పగలిగేవారు మన ఇళ్ళల్లో రోజురోజుకూ తగ్గిపోతున్నారు. ఫిల్మును పూణేలో దాచవచ్చు. వీరి జ్ఞాపకాన్ని దాచడానికి పక్కన కూర్చొన్న మనవడు తప్ప వేరే భాండాగారం లేదు.

మొదటిసారికి ‘గుండమ్మ కథ’ మంచిది. నవ్వుతూ మొదలవుతుంది గనుక పిల్లలు లేచిపోరు. చూచిన తరువాత, గుండమ్మను గదిలో పెట్టి తాళం వేసినప్పుడు మీ ఇంట్లో ఎవరు నవ్వారో, ఎవరు ఊరుకొన్నారో గమనించండి. ఊరుకొన్నవారికి చిత్రం అందినట్టే.